వాచీల మోజు



మీ చేతికి వాచీ ఉందా? ఉంటే ఒక్కసారి దానివైపు చూడండి. టైమెంతయిందో చూడమని కాదు, ఆ సంగతి రేడియోవాళ్ళు ఎలాగూ చెబుతూనే ఉంటారు. వాచీనే చూడండి. అద్దం మీద గీతలున్నాయా? బెల్టు రంధ్రాల దగ్గర చిరిగిందా? అది మీ చేతికి ఎలా వచ్చింది? పెళ్ళిలో మామగారు పెట్టిందా, మొదటి జీతంతో కొనుక్కున్నదా, నాన్నగారు ఇచ్చిందా? ఇవి గుర్తుకు వస్తే మీరు మా బోటి మామూలు మనుషులు. అది ఏ మోడలు, లోపలి యంత్రం ఎవరిది, ఇవాళ అమ్మితే ఎంత పలుకుతుంది అన్నవి ముందు గుర్తుకు వస్తే మాత్రం మీరు మా తమ్ముడి కోవలో చేరినట్టే.

మా తమ్ముడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. 2020లో లాక్‌డౌన్ పెట్టి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టినప్పుడు వాడికి వాచీల మోజు పట్టుకుంది. గడప దాటని మనిషికి వాచీ ఎందుకురా అని అడిగి నేను మాట పడ్డాను. ఇప్పుడు వాడి దగ్గర పదకొండు వాచీలున్నాయి. చేతులు రెండే. అందులోనూ వాచీ కట్టేది ఒక చేతికే.

మాది హొసూరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసుల్లో తమిళం. నేను బడిలో తెలుగూ ఇంగ్లీషూ చెబుతాను. మా ఊరివాళ్ళకు వాచీలు కొత్త కాదు. 1984లో టాటావారూ తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి టైటాన్ కంపెనీ పెట్టి, ఫ్యాక్టరీని మా హొసూరులోనే కట్టారు. పల్లెటూరి బడుల్లో చదువు ముగించుకున్న పిల్లలను తీసుకుని, పని నేర్పి, వాళ్ళ చేత వాచీలు చేయించారు. 1987లో ఆ వాచీలు బజారుకు వచ్చాయి. మాకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగుళూరులో అంతకు చాలా ముందే, 1961లో, జపాను దేశపు సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. వారి వాచీల ఫ్యాక్టరీ వచ్చింది. మొదటి వాచీలను నెహ్రూగారు విడుదల చేశారు. కంటికి ఆనని మరలను పట్టకారుతో ఎత్తి అమర్చిన చేతుల్లో ఎన్నో ఆడవాళ్ళ చేతులు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా నాయన పల్లెటూళ్ళో తెలుగు బడి పంతులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1976లో, ఒక హెచ్.ఎం.టి. జనతా కొన్నారు. రోజూ పొద్దున కీ ఇచ్చే వాచీ. ఆ రోజుల్లో డబ్బు ఉన్నంత మాత్రాన హెచ్.ఎం.టి. వాచీ దొరికేది కాదు, పేరు రాయించుకుని ఎదురుచూడాలి. ముప్పై ఏళ్ళు ఆ వాచీ చూసే బడిగంట కొట్టించారు. ఒక వానాకాలం వాగు దాటుతూ జారిపడితే అందులోకి నీళ్ళు పోయాయి. పొయ్యి పక్కన ఆరబెడితే మళ్ళీ నడిచింది గానీ, డయలు మీద ఆరు అంకె దగ్గర టీ ఒలికినట్టు ఒక మరక మిగిలిపోయింది. నేను బి.ఇడి. ముగించి ఉద్యోగంలో చేరిన రోజున, "బడికి పొయ్యే చేతికే ఉండాల" అని అది నాకిచ్చారు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం తమ్ముడు నన్ను తన వాచీ స్నేహితుల కూటానికి తీసుకుపోయాడు. బెంగుళూరులో ఒక కాఫీ హోటలు మేడ మీద పదిహేనుమంది దాకా చేరారు. నేను తప్ప అందరూ మగవాళ్ళే. "సార్ రాలేదా మేడమ్?" అని ఒకాయన మర్యాదగా అడిగారు. బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ పరిచారు, అచ్చం నగల కొట్టులో పరిచినట్టు. ఆడవాళ్ళకు నగల పిచ్చి అని వెక్కిరించే మగవాళ్ళను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ రోజు ఆ గుడ్డ చుట్టూ వాళ్ళు వంగిన తీరు చూసి నాకు నవ్వాగలేదు. దగ్గినట్టు నటించి సర్దుకున్నాను.

చేయి కలిపేటప్పుడు వాళ్ళ చూపు మొహం మీద ఉండదు, మణికట్టు మీద ఉంటుంది. గంట ఎంతయిందని అక్కడ ఎవరూ అడగరు. ఎంతయిందని అడిగితే అది ధర గురించే. అయిదో తరగతి పిల్లవాడు నాలుగో తరగతి పిల్లవాడిని చూసే చూపు ఒకటుంటుంది. బడిలో పనిచేసేవాళ్ళందరికీ అది తెలుసు. ఆ చూపు అక్కడ మెట్టు మెట్టుకూ ఉంది. బట్టల కంపెనీ పేరు అచ్చేసుకున్న వాచీ కట్టినవాడు అందరికన్నా కింద. వాడిపైన బ్యాటరీ వాచీవాడు. జపాను సీకో ఆటోమేటిక్ ఉంటే పాసు మార్కులు. స్విట్జర్లాండు వాచీ ఉంటే కుర్చీ జరిపి చోటిస్తారు. అయితే స్విస్ వాచీల్లోనూ మళ్ళీ తెగలున్నాయి. లోపలి యంత్రం ఈటా వంటి కంపెనీ దగ్గర కొని బిగించారా, సొంతంగా చేసుకున్నారా అన్నది పెద్ద చర్చ. అన్నిటికన్నా పై మెట్టున ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఆయన చేతికి ఏమీ లేదు. ఆయన వాచీలన్నీ బ్యాంకు లాకరులో ఉంటాయట.

ఆ కూటంలో ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. వారిని మరిచిపోతే అన్యాయం. "నేను హెచ్.ఎం.టి. తప్ప మరొకటి తాకను" అన్నాడొక యువకుడు. మన దేశపు సరుకు మీద అభిమానం కాబోలు అని సంతోషించాను. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ వాచీల కంపెనీని మూసేయడానికి నిర్ణయించాక, పాత హెచ్.ఎం.టి. వాచీలకు గిరాకీ లేచింది. ఈ అబ్బాయి దగ్గర అరవై జనతాలున్నాయి. జనం కోసమని పేరుపెట్టిన వాచీని జనానికి దొరకకుండా దాచుకున్న మనిషిని నేను అదే చూడడం.

నా వంతు వచ్చింది. నేను దాచుకోకుండా నాయన వాచీ విప్పి గుడ్డ మీద పెట్టాను. లాకరు పెద్దమనిషి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "నైస్, నైస్, సెంటిమెంటు" అని కింద పెట్టారు. అరవై జనతాల అబ్బాయి మాత్రం తిప్పి తిప్పి చూశాడు. "హిందీ అంకెల డయలయితే బాగుండేది మేడమ్. ఇది మరక పడిపోయింది, చాలా మురికిగా ఉంది" అన్నాడు. తమ్ముడు తల వంచుకుని కాఫీ కలుపుతున్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది, చెంచా మాత్రం తిరుగుతూనే ఉంది.

నిజం చెప్పాలంటే నాకు సిగ్గేసింది. నలభై దాటినదాన్ని, పదిమంది పిల్లలకు బుద్ధులు చెప్పేదాన్ని. తిరుగు బస్సులో కూర్చుని చీర కొంగు మణికట్టు మీదికి లాక్కున్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఏ వాచీ గొప్పది అన్న లెక్క ఎన్నిసార్లు తలకిందులయిందో చూస్తే ఆ సిగ్గు నాకు ఇప్పుడు వింతగా తోస్తుంది. 1969 డిసెంబరు 25న జపానులో సీకో కంపెనీ అస్ట్రాన్ అనే మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. ధర 4 లక్షల 50 వేల యెన్‌లు. అప్పట్లో ఆ డబ్బుకు అక్కడ చిన్న కారు వచ్చేది. అంటే బ్యాటరీ వాచీ పుట్టింది కలవారి ఇంట్లోనే. తరవాత అది చవకయింది. స్విట్జర్లాండులో 1970 నాటికి దాదాపు తొంభై వేలమంది వాచీ పనివాళ్ళుంటే, 1980ల నడిమికి ముప్పై వేలకు అటూ ఇటూగా మిగిలారు. మన దగ్గరా అంతే. 1990లలో మా వైపు పెళ్ళికొడుకులు టైటాన్ క్వార్ట్జ్ కావాలని అలిగేవారు. కీ ఇచ్చే వాచీ పెడితే మామగారు పిసినారి అన్నమాట. ఇవాళ తమ్ముడి కూటంలో బ్యాటరీ వాచీ పేరెత్తితే ముక్కు విరుస్తారు, కీ ఇచ్చేదాన్ని కళ్ళకద్దుకుంటారు. ముక్కు విరిచే అలవాటు పోలేదు, విరవవలసిన వస్తువు మారిందంతే.

పోనీ ఖరీదైనది టైము బాగా చూపిస్తుందా అంటే అదీ లేదు. స్విస్ అధికారిక పరీక్షలో నెగ్గి క్రోనోమీటరు అనిపించుకున్న యంత్రం రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనకబడవచ్చు, ఆరు సెకన్లు ముందుకు పోవచ్చు. మామూలు క్వార్ట్జ్ వాచీ నెల మొత్తానికి పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతుంది. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. లెక్కల టీచరు ఉంటే చెబుతారు, రెండును రెండుతో హెచ్చవేస్తూ పోతే పదిహేనో మెట్టున వచ్చే సంఖ్య అది. 1989లో వచ్చిన క్యాషియో ప్లాస్టిక్ వాచీ ఇప్పటికీ వెయ్యీ రెండు వేల రూపాయల మధ్య దొరుకుతుంది. టైము చూపడంలో అది లక్షల వాచీని ఓడిస్తుంది.

ఇది అంటే తమ్ముడు ఒప్పుకున్నాడు. "టైము కోసం కాదక్కా" అన్నాడు. ఒకరోజు మా బడికి వచ్చి, వాచీ వెనక మూత తీసి, మా ఏడో తరగతి పిల్లలకు లోపలి చక్రాన్ని చూపించాడు. స్ప్రింగు చుట్ట బొట్టుబిళ్ళంత, వెంట్రుకంత సన్నం. అది ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే చక్రం ఊగుతోంది. జనతాలో గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు అయిదు. పిల్లలు బోర్డు మీద లెక్క కట్టారు. రోజుకు 4 లక్షల 32 వేలు, ఏడాదికి 15 కోట్ల 76 లక్షల పైన. "మిస్, అరిగిపోదా?" అని ఒక పిల్ల అడిగింది. అరగకుండా ఇరుసుల కింద పదిహేడు కెంపురాళ్ళు పెడతారని తమ్ముడు చెప్పాడు. ఆ గంటసేపు వాడి మొహంలో వెలుగు చూసి, వాడి మోజులో ప్రేమ కూడా ఉందని తెలుసుకున్నాను. ఆ గంటకు ఖర్చేమీ కాలేదు.

ఖర్చంతా ఆ ప్రేమ పక్కన పుట్టిందే. ఒకటి కొంటే దానికి జతకావాలి. నీళ్ళలోకి దిగేవాళ్ళ వాచీ ఒకటి, విమానం నడిపేవాళ్ళ వాచీ ఒకటి. వీడు ఈత రాని మనిషి. ఆటోమేటిక్ వాచీలు చేయి కదిలితేనే కీ ఎక్కించుకుంటాయి. పదకొండు వాచీలు కట్టడానికి చేతుల్లేవు కాబట్టి, వాటిని తిప్పుతూ ఉండడానికి మోటారున్న పెట్టె ఒకటి కొన్నాడు. నాలుగైదేళ్ళకొకసారి విప్పి నూనె మార్చాలి, దానికి వేలు. ఎవరైనా అడిగితే సిద్ధంగా రెండు జవాబులున్నాయి. మొదటిది, ఇది పెట్టుబడి. 2022 మొదట్లో పాత వాచీల బజారు కొండెక్కి ఉన్నప్పుడు, నెలసరి వాయిదాల మీద ఒక స్విస్ వాచీని అసలు ధర కన్నా ఎక్కువ పెట్టి కొన్నాడు. ఆ ఏడాదే బజారు దిగింది. అమ్ముకునేసరికి లక్షకు పైగా పోయింది. వాయిదాలు మాత్రం పోలేదు. ఆ ఏడు నాయన ఇంటి పెంకులు మార్పిద్దామని అనుకున్నాం. ఇంకా అనుకుంటూనే ఉన్నాం.

రెండో జవాబు, ఇది నా కొడుక్కి ఇస్తాను అనడం. జెనీవాలోని పాటెక్ ఫిలిప్ కంపెనీ 1996 నుంచి ఈ ధోరణిలోనే ప్రకటన చేస్తోంది. వాచీ మీది కాదు, తరవాతి తరం కోసం మీరు కాపలా కాస్తున్నారు, అంతే అని దాని సారాంశం. ఎంత తెలివైన మాట! ఆ కొడుకు వయసు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. వాడికి కావలసింది సైకిలు.

రోలెక్స్ కొట్టుకు డబ్బు మూట తీసుకుపోయినా గిరాకీ ఉన్న మోడలు చేతికివ్వరు, పేరు రాసుకుంటారు. 2021లో ఆ కంపెనీ, ఈ కొరత తాము కావాలని తెచ్చింది కాదనీ, నాణ్యత తగ్గకుండా ఇంతకన్నా చేయలేమనీ ప్రకటన ఇచ్చింది. కావచ్చు. నాయనా 1976లో పేరు రాయించుకునే ఎదురుచూశారు. కాకపోతే అప్పుడు ఎదురుచూడడం కష్టమనిపించుకుంది, ఇప్పుడు హోదా అయింది. పదిమంది కంట పడడానికి పెట్టే ఖర్చు గురించి తోర్‌స్టెయిన్ వెబ్లెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1899లోనే ఒక పుస్తకం రాశాడు. వస్తువు పనికి వచ్చినందుకు కాక, ఇంకొకరికి అందనందుకే దానికి విలువ వస్తుందన్న సంగతిని ఆయన అప్పుడే పట్టుకున్నాడు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఏం చేశానో వినండి. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. తరవాతి కూటానికి ముందు నేను బస్టాండు దగ్గర ఒక వాచీ రిపేరు షాపుకు వెళ్ళి, నాయన వాచీకి కొత్త డయలు వేసి, కేసు మెరుగు పెట్టమన్నాను. పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. మూడు రోజుల్లో ముదురు నీలం డయలుతో పెళ్ళికూతురిలా వచ్చింది వాచీ. బస్సులో కొంగు కప్పుకోలేదు.

అరవై జనతాల అబ్బాయి భూతద్దం పెట్టి చూసి ఒకే మాట అన్నాడు. "రీడయల్." అచ్చు పలచగా ఉందట, ఆరు దగ్గర గీత వంకరగా ఉందట. ఇలా పాతవాటికి కొత్త రంగులద్ది అమ్మేవి బజారు నిండా ఉన్నాయట. "పాత డయలే ఉంచేయాల్సింది మేడమ్. మరకలున్నా అసలుదానికే విలువ" అన్నాడు. మొదటిసారి దాన్ని మురికి అన్నది ఇతనే. అప్పుడే లాకరు పెద్దమనిషి, లక్షల వాచీల్లో డయలు పాతబడి రంగు మారితే దాన్ని పాటినా అంటారనీ, దానికి అదనంగా డబ్బిస్తారనీ వివరించారు. లక్షల వాచీ మీదయితే పాటినా, జనతా మీదయితే మురికి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

తిరిగివస్తూ తమ్ముడు నన్ను ఓదార్చాలని ఒక కథ చెప్పాడు. పాల్ న్యూమన్ అనే హాలీవుడ్ నటుడికి అతని భార్య ఒక రోలెక్స్ డేటోనా వాచీ ఇచ్చింది. అతనికి కారు పందేల సరదా. అందుకని వాచీ వెనక, జాగ్రత్తగా బండి నడుపు అని చెక్కించింది. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి కట్టి, తరవాత కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో అది కోటీ 77 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో నూరు కోట్ల రూపాయలకు పైమాటే. "ఆ డబ్బు వాచీకి కాదక్కా, అది ఆయన చేతికి ఉన్నందుకు" అన్నాడు. అని నా చేతివైపు చూసి, తానేం మాట్లాడుతున్నాడో తెలిసి ఆగిపోయాడు.

ఆ రాత్రి నాయన దగ్గరికి వెళ్ళాను. ఎనభైకి దగ్గరపడ్డారు, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. అన్నం వడ్డిస్తుంటే నా చేయి పట్టుకుని చూశారు.

"ఎవురిదమ్మా ఈ వాచీ?"

"నీదే నాయనా."

"నాది కాదే. నాదాంట్లో ఆరు కాడ మరకుండె."

నేను మాట్లాడలేదు. ఆయన వాచీ విప్పించుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. పళ్ళెంలో అన్నం చల్లారిపోతోంది. "సద్దు నాదే" అన్నారు. ఇంకేమీ అడగలేదు. వాచీ తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు బడి వదిలాక రిపేరు షాపుకు వెళ్ళాను. పాత డయలు కావాలన్నాను. ఆయన వింతగా చూశాడు. "కొత్తది కావాలంటివి కదమ్మా? పాతది అడిగినోళ్ళు లేరు ఇంతవరకు" అని, బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి కాగితం మీద కుమ్మరించాడు. వందకు తక్కువ ఉండవు. జనతాలు, పైలట్లు, కోహినూర్లు, సోనాలు. పసుపెక్కినవి, చెమటకు పొక్కినవి, అంకెలు చెరిగినవి. ఎవరెవరి నాయనలవో. ఒక్కొక్కటే వెలుగుకు పట్టి చూస్తూ కూర్చున్నాను. ఆరు అంకె దగ్గర మరక ఉన్న తెల్ల డయళ్ళు మూడు దొరికాయి. ఇరవై ఏళ్ళు ఆ మరకను రోజూ చూశానుగానీ దాని ఆకారం నాకు గుర్తు లేదని అక్కడే తెలిసింది.

మూడూ ఇంటికి తెచ్చాను. నాయన ఒకటి చూపించారు, అంతలోనే కాదేమో అని ఇంకొకటి చూపించారు. వచ్చే ఆదివారం తమ్ముడు కూటానికి పోవడం మానుకుని, తన భూతద్దం తీసుకుని హొసూరుకు వస్తానన్నాడు.